ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు: చీరాల పేరాల నేతవారి పౌరధర్మము

ఒక కులమువారు తమ వార్షిక మహాసభా సంచికయందు తమ కులమున జన్మించిన పెద్దలను స్మరించుకొనుట లోకాచారము. అది తగినదే. కాని ఉపకారమునకు కులభేదము లేదు. మన నేతవృత్తివారి కష్టమును తన కష్టముగా దలచి, దేశాంతరమున గడించిన విద్యను మన మగ్గపు గుంటల కడకు దెచ్చి, మనవారితోపాటు పూరిపాకలలో నివసించి, వారి నిమిత్తము చెరసాలకేగిన మహనీయుడొకడు కలడు. ఆయన బ్రాహ్మణకులమున జన్మించినవాడు. అయినను చీరాల పేరాల సాలెవీధులలో ఆయన పేరు తెలియని యిల్లు లేకుండెను. ఆయనయే ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. కృష్ణాతీరమున సమావేశమైన సోదరులకు ఆయన చరిత్రమును నివేదించుట మాకు ఋణవిమోచనముగా దోచుచున్నది.

ఈ చరిత్ర మొక వ్యక్తిని గూర్చినదే యైనను, దానిలో ప్రతి పట్టణమునకును, ప్రతి వృత్తిసంఘమునకును సంబంధించిన ప్రశ్న యొకటి యిమిడి యున్నది. ఊరి వీధులకు, దీపములకు, మంచినీటికి, పారిశుద్ధ్యమునకు ధనము కావలెను. ఆ ధనమును ఆ యూర వ్యాపారము చేసికొనువారు, వృత్తి చేసికొనువారు గాక మరెవ్వరియ్యగలరు? ఇచ్చినవారికి ఆ ధనము వినియోగించుటలో అధికారమెంత? ఈ ప్రశ్నను పుస్తకములలో చర్చించినవారు పెక్కురు. పదునైదువేల జనుల యనుభవమున బెట్టి పరీక్షించినవారు గోపాలకృష్ణయ్యగారు.

జననము, విద్య

గోపాలకృష్ణయ్యగారు 1889 సంవత్సరము జూను 2వ తేదీన కృష్ణామండలములోని పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము ప్రస్తుతము ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరియున్నది. తండ్రి కోదండరామస్వామిగారు బడిపంతులు. తల్లి సీతమ్మగారు ప్రసవించిన కొలది దినములకే గతించిరి. తండ్రియు బిడ్డకు మూడేండ్లు నిండునప్పటికి పరమపదించిరి. తల్లిదండ్రుల ముద్దుముచ్చట లెరుగని యా శిశువును నాయనమ్మగారును, పినతండ్రిగారును పెంచి పెద్దచేసిరి. నాట్యకళకు పుట్టినిల్లగు కూచిపూడియందును, గుంటూరునందును ఆయన విద్యాభ్యాసము జరిగెను. బాల్యముననే సంగీతసాహిత్యములయందు రుచియు, తెలుగు పద్యమును ఆశువుగా జెప్పుశక్తియు అలవడెను.

కొంతకాలము బాపట్ల తాలూకా కచేరీలో నుద్యోగము చేసి, అది తన స్వభావమునకు సరిపడమి, 1911లో సముద్రము దాటి స్కాట్లండు దేశమునకేగి ఎడింబరో విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి ఎం.ఎ. పట్టమందిరి. ఆ దినములలోనే ఆనందకుమారస్వామిగారితో పరిచయము గలిగెను. నందికేశ్వరుని అభినయదర్పణమును వారిరువురును గలిసి ఆంగ్లీకరించిరి. ఆ గ్రంథమును 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ప్రకటించిరి. దేశవిదేశములలో నాట్యకళాభిజ్ఞు లాదరించిన గ్రంథమది. అట్టి పాండిత్యము గలవాడు కోరినచో గొప్ప కొలువు దొరకకపోదు. స్వదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమునను, బందరులోని ఆంధ్రజాతీయకళాశాలయందును కొంతకాలము బోధకులుగా నుండిరి. ఒకరి యాజ్ఞకు లోబడి నడచు స్వభావము గానందున ఎచ్చటను నిలువలేకపోయిరి. తుదకు చీరాలను తన కార్యస్థానముగా వరించిరి.

అచ్చట ఆంధ్రవిద్యాపీఠగోష్ఠి యను సంస్థను స్థాపించి, పామరులకు పురాణేతిహాసములను, కళలను, దేశస్థితిని బోధింప బూనిరి. సాధన యను పత్రికను నడపిరి. ఆయన మాట చతురమైనది. చాటువులు, పాటలు, హరికథలు ఆయన యుపన్యాసములందు గలిసిపోయెడివి. సభయందు నవ్వుచు నవ్వించుచు గూర్చుండినవాడు సభ ముగియునప్పటికి పనిలో దిగెడివాడు. ఇట్టి శక్తి సామాన్యము కాదు.

చీరాల పేరాలల నాటి స్థితి

చీరాల పేరాలలు జంటగ్రామములు. ఆనాడు గుంటూరుమండలమున బాపట్ల తాలూకాకు జేరియుండెను. ఈనాడు చీరాల బాపట్ల జిల్లాలో నున్నది. సముద్రమున కనతిదూరమున నున్న యిసుక నేలయగుటచే కొద్దిలోతున త్రవ్విన మంచినీరు దొరకెడిది. ఊరి జీవనాధారము మగ్గము. చీరాల రుమాళ్లు సముద్రముల కావలి దేశములకు నెగుమతియైనవి. అయినను రుమాలుకు వచ్చిన కీర్తి నేసిన వానికి భాగ్యము తేలేదు. నూలు షావుకారుదగ్గర దెచ్చి, బట్ట షావుకారునకే యిచ్చి, మజూరీతో దినము గడుపుకొనువారే పలువురు. ప్రథమ ప్రపంచ సంగ్రామమువలన నూలు ధరయు, తిండిగింజల ధరయు పెరిగి, ఆ మజూరీయు చాలని కాలమది.

ఇంకొక విశేషము గమనింపదగినది. దుకాణదారుని కిల్లు వేరు, అంగడి వేరు. నేతవానికట్లు కాదు. మగ్గమున్న చోటనే వంట, మగ్గమున్న చోటనే నిద్ర. ఇంటిపన్ను వేసినను, వృత్తిపన్ను వేసినను ఆ రెండును ఒక్క కప్పు క్రిందనే, ఒక్క మగ్గముమీదనే పడును. పట్టణపు పన్నులు నిర్ణయించువారు ఈ భేదమును దలచినట్లు కానరాదు.

పురపాలక సంఘము

అంతవరకు ఆ గ్రామములు యూనియనుగా నుండి యేటికి సుమారు 4,000 రూపాయల పన్ను చెల్లించుచుండెను. 1919లో మదరాసు ప్రభుత్వమువారు చీరాల పేరాలలను, సమీపపు పల్లెలను జేర్చి పురపాలక సంఘముగా మార్ప నిశ్చయించిరి. 1920లో అది యమలులోనికి వచ్చెను. పన్ను 4,000 నుండి 40,000 రూపాయల వరకు పెరిగెను. జనసంఖ్య రమారమి 15,000. లెక్క వేసి చూడుడు: తల యొక్కింటికి నాలుగణాల చిల్లర యిచ్చుచున్నవారు రెండురూపాయల పదియణాలకు పైగా నియ్యవలసివచ్చెను. అయిదుగురున్న కుటుంబమునకు రూపాయి యయిదణాలుగా నున్నది పదమూడు రూపాయలు దాటెను. కూలిమీద బ్రదుకు కుటుంబమునకు పదమూడు రూపాయలు స్వల్పము కాదు.

ఇచ్చట నిష్పక్షపాతముగ జూడవలెను. పురపాలక సంఘము దానంతట నది చెడ్డది కాదు. బెజవాడకు 1888లోనే పురపాలక సంఘము వచ్చెను. 1855నాటికి కృష్ణకు ఆనకట్ట పూర్తియై, పిదప 1893లో రైలువంతెన నిర్మింపబడి, కాలువలును ఇనుపదారులును గలిసికొన్న యా పట్టణమున సరకు చేతులు మారినకొలది పన్నునిచ్చు శక్తియు పెరిగెను. వీధి బాగుపడిన అంగడి బాగుపడును. అంగడి బాగుపడిన వీధికి ధనము వచ్చును. చీరాల స్థితి యది కాదు. అచ్చట ఆదాయము పెరుగక మునుపే పన్ను పెరిగెను. వచ్చు సదుపాయమేదో, దాని వ్యయమెంతో, అది కావలెనో వద్దో నిర్ణయించుటకు ప్రజల సమ్మతి యడుగబడలేదు. ప్రజలు విన్నపములు పంపుకొనిరి. స్థానిక స్వపరిపాలనశాఖ 1920 తుది నుండి పానగల్లు రాజావారి చేతిలో నుండెను. స్వపరిపాలన మను పేరు గలిగిన శాఖయే స్థానికుల మొరను ద్రోసిపుచ్చెను.

గోపాలకృష్ణయ్యగారు ఈ మర్మమును గ్రహించిరి. అర్థశాస్త్రమును చదివినవారగుటచే పన్నెంతయను ప్రశ్నతో నాగక, ఎవరి సమ్మతితో నను ప్రశ్నను ముందుకు దెచ్చిరి. ఆయన బోధవలన ఎన్నికైన సభ్యులు 1921 ఆరంభమున తమ స్థానములను విడిచిరి. ప్రభుత్వమువారు జీతపు చైర్మనును నియమించి సంఘమును నడపజొచ్చిరి. ప్రజలు పన్ను చెల్లింప నిరాకరించిరి. పండ్రెండుగురికి కారాగారశిక్ష పడెను. వారిలో నొక స్త్రీ యుండుట గమనింపదగినది.

రామదండు

ప్రజాబలమునకు క్రమశిక్షణ లేనిచో నది గుంపగును. ఈ సత్య మెరిగి గోపాలకృష్ణయ్యగారు రామదండును గూర్చిరి. వేయిమందికి పైబడిన యువకులు కాషాయవస్త్రములు ధరించి, రుద్రాక్షలు దాల్చి, రామనామస్మరణతో సేవకు నిలిచిరి. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘసమావేశము జరిగినపుడు నలుప్రక్కల నుండి వచ్చిపడిన జనసముద్రమును అదుపులో నుంచుటకు ఈ రామదండు మిక్కిలి తోడ్పడెను. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్ప నిశ్చయించిన సమావేశమదియే.

అటనుండి మహాత్మా గాంధీగారు ఏప్రిలు 6వ తేదీన చీరాలకు విచ్చేసిరి. వారు ప్రజల యెదుట రెండు మార్గములను బెట్టిరి. ఊరనే యుండి, పన్నీయక, ఏ శిక్ష వచ్చినను హింసకు దిగక సహించుట యొకటి. పురపాలక సంఘపు టెల్లలు దాటి వెడలిపోవుట రెండవది. ఎల్ల దాటినవానిపై ఆ సంఘమునకు పన్ను విధించు హక్కు లేదు. ఖాళీయైన పట్టణమునకు పురపాలక సంఘ మవసరమును లేదు. ఏ మార్గమైనను మీ బలముమీదనే నడువవలెను గాని కాంగ్రెసు సహాయము నాశింపవలదని గాంధీగారు ముందే హెచ్చరించిరి. ఈ హెచ్చరిక యెంత నిజమో పిదప తెలిసెను.

గ్రామత్యాగము, రామనగరము

చీరాల పేరాలవారు రెండవ మార్గమును వరించిరి. 1921 ఏప్రిలు చివరినుండి జనులు సామానులు మోసికొని యెల్ల దాటిరి. పదునైదువేలలో పదుమూడువేలకు పైగా నిట్లు వెడలిరని చరిత్ర చెప్పుచున్నది. నడివేసవిలో, ఇసుకనేలపై తాటాకు పాకలు లేచెను. ఆ వాసమునకు రామనగరమని పేరిడిరి.

చదువరులలో మగ్గ మెరిగినవారే యధికులు గనుక ఈ త్యాగమెట్టిదో వివరింప బనిలేదు. గుంటమగ్గమును భుజమున వేసికొని పోలేము. క్రొత్తచోట గుంట త్రవ్వవలెను, గుంజలు పాతవలెను, పడుగు సాచుటకు బారెడు నీడ వెదకవలెను. ఎండకు పడుగు నూలు పెళుసై తెగును. వానకు గుంట నిండును. మగ్గము నిలిచిన దినము మజూరీ లేదు. పన్ను తప్పించుకొనుటకు లాభము జూచుకొని వెడలినవారు కారు వీరు. ఆ నష్టము పన్నుకంటె నెక్కువయని యెరిగియే వెడలిరి. ధనము నిరాకరించినవారని వారిని నిందించుట తగదు. అంతకు మించిన మూల్యమును తమ సమ్మతి నిమిత్తము చెల్లించినవారు వారు.

రామనగరములో గోపాలకృష్ణయ్యగారు చేసిన యేర్పాటులే ఈ చరిత్రమున మిక్కిలి విలువగల భాగము. వలదన్నవారు కావలసినదానిని చూపవలెనని ఆయన యెరుగును. పలుకులముల ప్రతినిధులతో నొక సభ యేర్పడెను. తగవులు తీర్చుటకు పంచాయతీ నేర్పరచిరి. కావలి, శుభ్రత, రోగుల సేవ రామదండు చూచుకొనెను. సాయంకాలము భజనలు, హరికథలు ప్రజల మనోధైర్యమును నిలిపెను. చీరాలలో పై యధికారుల యుత్తరువుచే జరుగవలసినపని రామనగరములో పొరుగువారి యొప్పందముచే జరిగెను. ఊరి బాగు కోరనివారని ప్రభుత్వమువారిచే ననిపించుకొన్నవారే ఎడారివంటి యిసుకలో నొక యూరిని నిర్మించి పదునొకండు నెలలు నడపిరి.

కారాగారము, ఉద్యమాంతము

ఇంత కార్యమునకు ధనము కావలెను. మజూరీ తగ్గిన నేతవారి వద్ద నిధి లేదు. రామనగరవాసులకు సహాయము కూర్ప గోపాలకృష్ణయ్యగారు ఆంధ్రదేశమున సంచరించుచు, బరంపురమున సభలో మాటలాడగూడదన్న యుత్తరువును లెక్కసేయక యుపన్యసించిరి. ప్రభుత్వమువారాయనను బంధించి ఒక సంవత్సరము శిక్ష విధించి తిరుచునాపల్లి కారాగారమునకు బంపిరి.

నాయకుడు లేని రామనగరము వానలను, చలిని, ఆకలిని తట్టుకొని కొన్నినెలలు నిలిచెను. వెలుపలి సహాయము చాలినంత రాలేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటనానంతరము దేశమంతట శాసనోల్లంఘనమును నిలిపివేయుటతో ఆశయు సన్నగిల్లెను. ప్రజలొక్కొక్కరుగా పాత యిండ్లకు మరలిరి. పురపాలక సంఘము నిలిచెను, పన్నును చెల్లింపవలసివచ్చెను.

దీనిని జయమని చెప్పుట సత్యము కాదు. గోపాలకృష్ణయ్యగారి యందలి భక్తిచే ఆ లోపములను దాచుటయు న్యాయము కాదు. ఒక్కని వాక్కుపై నిలిచిన కార్యము ఆ యొక్కడు చెరలో నుండగా క్రుంగెను. ప్రతినిధిసభ యుండెను గాని మగ్గములు నిలిచిన దినములను గడుపుటకు ముందుగా గూర్చిన నిధి లేకుండెను. వేసవిలో వెడలినవారికి వానకాలము వచ్చునను తలపు తగినంత లేకుండెను. గాంధీగారు చెప్పిన స్వశక్తి యనగా ధైర్యము మాత్రమే కాదు, ధాన్యమును నూలును గూడ నని ఆ పదునొకండు నెలలు నేర్పెను.

చివరి దినములు

చెరనుండి వెలువడిన పిదపను గోపాలకృష్ణయ్యగారు దేశసేవను మానలేదు. స్వరాజ్యపక్షమున జేరి పనిచేసిరి. ధనము నిలుపుకొను నేర్పు ఆయనకెన్నడును లేదు; వచ్చినది వచ్చినట్లు కార్యమునకే పోయెను. దారిద్ర్యమును క్షయరోగమును ఆయన నావరించెను. 1928 జూను 10వ తేదీన, నలువదియేండ్లైనను నిండకమునుపే, ఆ మహానుభావుడు దేహము చాలించెను. ఆంధ్రరత్న యను బిరుదము ప్రజలిచ్చినది. అది నేటికిని ఆయన పేరునకు ముందు నిలిచియున్నది. విజయవాడలోని ఆంధ్రరత్నభవనము ఆయన పేరుననే వెలసినది.

మనకు గల పాఠము

ఆయన వేసిన ప్రశ్న ఆయనతో గతింపలేదు. కెనడాలోని టొరంటో నగరమున బ్లూర్ వెస్ట్ విలేజ్ అను వీథి కలదు. భూగర్భమున రైలు వచ్చిన పిదప జనులు వీథిపై నడువక క్రిందనే పోవుటచేతను, పెద్ద అంగడి సముదాయములు కొనుగోలుదారుల నాకర్షించుటచేతను ఆ వీథి దుకాణములు దెబ్బతినెను. చందాలడిగిన కొందరిచ్చి కొందరు మానుచుండిరి. బాగు మాత్రము ఇచ్చినవానికిని ఈయనివానికిని సమమే. కావున అచ్చటి వర్తకులే తమ మీద దామొక ప్రత్యేకపు పన్ను వేసికొనుటకును, దానిని తమ మండలిచేతనే ఖర్చు పెట్టించుటకును 1970లో చట్టబద్ధమైన యేర్పాటు చేసికొనిరి. దీపములు, చెట్లు, కూర్చుండుటకు బల్లలు ఆ ధనముతో వచ్చెను. పిదప ఆ పద్ధతి పెక్కు దేశములకు వ్యాపించెను. చీరాలవా రెదిరించినదియు పన్నే, టొరంటోవారు కోరుకొన్నదియు పన్నే. భేదమంతయు సమ్మతిలోను, లెక్క చూచు హక్కులోను గలదు.

మన విజయవాడలోనే మరియొక నిదర్శనము కలదు. పట్టణపు నడివీధులలో చెదరియున్న మోటారు పనివారును, విడిభాగముల వర్తకులును 1966లో జవహరు ఆటోనగరుగా నొక్కచోట జేరిరి. అట్టి పారిశ్రామికవాడలలో వసూలైన ఆస్తిపన్నులో అధికభాగమును అచ్చటి రోడ్లకు, మురుగుకాలువలకు, దీపములకు వినియోగించి, మిగిలిన భాగమును స్థానికసంస్థకు జెల్లించు పద్ధతి పిదప మన రాష్ట్రమున నేర్పడినది. ఇచ్చినవానికి తన రూపాయి ఏ వీధిలో దిగినదో కనబడినపుడు చెల్లించుటకు మనసొప్పును.

అయినను ఒక జాగ్రత్త యవసరము. ధనము గలవారే మండలిలో గూర్చుండి, తమ అంగళ్ల ముందటి వీధినే బాగుచేసికొని, బండిమీద సరకమ్మువానిని, కూలిమగ్గపువానిని మరచినచో నదియు చీరాల పురపాలక సంఘము వంటిదే యగును. బరువును శక్తినిబట్టి పంచుట, నిర్ణయమున చిన్నవానికిని చోటిచ్చుట, లెక్కను అందరియెదుట జదువుట, నాయకుడు లేనినాడును నడచునట్లు నిధిని నియమములను ముందే కూర్చుకొనుట, ఈ నాలుగును రామనగరము మనకు మిగిల్చిన యాస్తి. మొదటి మూడింటికొరకు వారు పోరాడిరి. నాలుగవది లేమిచే నోడిరి.

మహాసభకు విచ్చేసిన పెద్దలును, పోషకులును తమ తమ యూళ్లకు మరలినపుడు తమ వృత్తివారి వీధిని ఒకమారు పరికించి, దానికేమి కావలెనో, ఎవరెంత యియ్యగలరో, ఆ లెక్క యెవరు వ్రాయుదురో నలుగురితో గూర్చుండి నిర్ణయింతురు గాక. అదియే ఆంధ్రరత్నమునకు మనము చేయదగిన నివాళి.